సాలీడు కాటు, ఒక కబురు

1957 ఎండాకాలం. అప్పుడు నేను నందిగామ పశువుల ఆసుపత్రిలో కాంపౌండర్‌ని. డాక్టరుగారు ఎక్కువగా క్యాంపుల్లో ఉండేవారు, అంటే ఊళ్ళు తిరిగి పశువులకు టీకాలు వేయడం. ఆయన వెళ్ళాక ఆసుపత్రికి నేను, నాకు ఆసుపత్రి. పెళ్ళి కాలేదు, నా అన్నవాళ్ళు లేరు. పశువులు రాని రోజున నా గొంతు నాకే వినపడేది కాదు.

ఒక పొద్దున కళాయి వేసే మస్తాను కుక్కను భుజాన వేసుకుని వచ్చాడు. ఊరూరా తిరిగి ఇత్తడి గిన్నెలకు తగరం పూత పూసే మనిషి.

"దొరకి సాలెపురుగు కరిచిందండి. బొగ్గుల గోతంలో మూతి పెట్టింది. అరచెయ్యంత ఉందండి, ఒళ్ళంతా బొచ్చు."

దొర అంటే ఆ కుక్కే. ఇంతా చేస్తే పిల్లికన్నా కాస్త పెద్దది. మూతి వాచి చొంగ కారుతోంది. పర్మాంగనేటు, అంటే గాయాలు కడిగే ఊదారంగు మందునీళ్ళు కలిపి, "రెండు చేతులతో పట్టుకోవయ్యా" అన్నాను. అతను ఎడమ చేత్తోనే పట్టుకున్నాడు. కుడిచెయ్యి తువ్వాలు కింద ఉంది. నాకు కోపం ఎక్కువ. తువ్వాలు లాగేశాను.

మోచేతి పైన గోనె పురికొస బిగించి కట్టి ఉంది. దాని కింద చెయ్యి నల్లగా కమిలి, గోళ్ళు నీలం తిరిగాయి.

"నిన్నూ కరిచిందా?"

"దీన్ని లాగబోతే పురుగు నా వేలు పట్టుకుందండి. నాదేముంది, ముందు దీని సంగతి చూడండి."

ఇలాంటి కట్టును టూర్నికెట్ అంటారు. రక్తాన్ని ఆపుతుంది. మన వైపు సాలీడు కాటుకు ఎదిగిన మనిషి చావడం నేను వినలేదు. ఆ కట్టు మాత్రం ఇంకాసేపుంటే చేతిని తినేసేది. కొలిమి తిత్తి ఊదే చెయ్యి పోతే అతనికి కూడేది? కత్తెర తీశాను. అతను వెనక్కి గెంతాడు.

"వద్దండి! మంత్రం పడకుండా ఇప్పితే విషం గుండెకెక్కుద్ది."

"మరి దారిలో మంత్రం వేయించుకోలేకపోయావా?"

"కబురు ఎవరు తీసుకెళ్తారండి?"

అప్పుడు అర్థమైంది. మా ఊరి మంత్రగాడి పద్ధతి ఒకటుంది. కాటు పడ్డవాడు తన దగ్గరికి రాకూడదు. ఇంకొకరు కబురు తేవాలి. ఆ తెచ్చినవాడికి మంత్రం వేస్తే అక్కడ కాటు పడ్డవాడికి విషం దిగుతుందని నమ్మకం. మస్తానుకు ఆ ఇంకొకరు లేరు.

"కీసర నుంచి నడిచొస్తా ఇద్దర్ని అడిగానండి. ఎవరి పనులు వాళ్ళయి."

మంత్రాలంటే నాకు ఒళ్ళుమంట. కానీ అతనికి రక్తప్రసరణ గురించి చెప్పడం చెవిటివాడి ముందు శంఖం ఊదడమే. సైకిలెక్కి సంత వెనకనున్న మంత్రగాడి ఇంటికి వెళ్ళాను.

"కాటు పడ్డోడు నీకేమవుతాడు?" అన్నాడాయన.

"అన్నయ్య" అన్నాను. ఆలోచించకుండానే వచ్చేసింది. ఆ మాట పలికి ఎన్నేళ్ళయిందో!

ఆయన ఏదో గొణిగి నా చెంప పగలగొట్టాడు. "దిగిపోయింది, పో."

తిరిగొచ్చి మస్తానుకు చెంప చూపించాను. ఎర్రగా తేలిన వేళ్ళ గుర్తులు చూసి తనే చెయ్యి చాచాడు. పురికొస మెల్లమెల్లగా వదులు చేశాను. చేతికి రంగు తిరిగింది. అతని కళ్ళ వెంట నీళ్ళు కారాయి.

"నొప్పా?"

"కాదండి. మా ఆడమనిషి పోయినాక నా కోసం ఒకరు గడప దిగడం ఇదే."

అతన్ని రిక్షాలో మనుషుల ఆసుపత్రికి పంపాను. చెయ్యి దక్కింది. దొర దక్కలేదు. చిన్న ఒళ్ళు, విషాన్ని తట్టుకోలేకపోయింది. మధ్యాహ్నం మా వరండాలోనే పోయింది. సాయంత్రం వెళ్ళి చెప్పాను.

"దొరని ఎక్కనివ్వరని ఇన్నేళ్ళూ బస్సెక్కలేదండి" అన్నాడు. "ఇంక ఎక్కొచ్చు."

కుక్కతో దారిన పోయేవాళ్ళు ఎవరు కనపడ్డా, గోతాలు కర్రతో దులపండి, కాటు పైన బిగించి కట్టకండి, తిన్నగా ఆసుపత్రికి రండి అని అప్పటినుంచి చెప్పేవాణ్ణి. అవి ఎవరైనా చెప్పగలరు. మస్తాను నాకు నేర్పింది వేరు. మందు నా చేతిలోనే ఉన్నా, అతనికి నేను ఏదో ఒకటి అయ్యేదాకా అది పనికి రాలేదు. ఆ తర్వాత ఎవరొచ్చినా ముందు "వెంట ఎవరొచ్చారు?" అని అడిగేవాణ్ణి. ఎవరూ లేరంటే కుర్చీ వాళ్ళ దగ్గరికి జరుపుకునేవాణ్ణి. నాకూ మనిషి దొరికేవాడు.