మంగళవారం కూడా తగ్గని దురద

మేడ్చల్ మెయిన్ రోడ్డు మీద మాది రెండు కుర్చీల సెలూన్. ఒక కుర్చీ నాది, రెండోది తమ్ముడిది. మా నాయిన అప్పటికే కత్తి పక్కన పెట్టేసి, తలుపు దగ్గర స్టూలు మీద కూర్చుని వచ్చినవాళ్లను వరసగా కుర్చీల్లోకి పంపేవాడు. ఆయన లెక్కలో షేవింగ్ అంటే గడ్డం తీయడం ఒక్కటే కాదు. తీశాక అరచేతుల్లో సెంటు లోషన్ పోసుకుని, రెండు చెంపలూ చరిచి, మెడ మీద పౌడర్ కొట్టి, తుండు దులిపినప్పుడే పని పూర్తయినట్టు. మా దగ్గర గడ్డం గీయించుకున్నవాడు బస్సు ఎక్కితే పక్క సీటువాడికి తెలియాలి అనేవాడు. తొంభైల్లో కొత్త కొత్త లోషన్లు దుకాణాల్లోకి దిగాయి. నేను ఒక్కటి కూడా వదిలేవాణ్ణి కాదు. అద్దం ముందు పలక మీద ఏడెనిమిది సీసాలు ఎప్పుడూ ఉండేవి.

దురద మొదట కుడిచేతి వేళ్ల సందుల్లో పుట్టింది. ఆవగింజలంత నీటి పొక్కులు లేచేవి. గోకితే చితికి రసి కారేది. కొన్నాళ్లకు ఎడమచేతికీ పాకింది. చర్మం మందమై, కణుపుల దగ్గర పగుళ్లు పట్టింది. ఇక వైద్యం చెప్పనివాడు లేడు. వంకాయ మానమని ఒకరు, చేపలు మానమని ఒకరు, ఒంట్లో వేడి ఎక్కువైంది సబ్జా నీళ్లు తాగమని ఇంకొకరు. మా అవ్వ వేపాకు, పసుపు నూరి పట్టించింది. బస్టాండు దగ్గరి ఆరెంపీ డాక్టరు ఒక ట్యూబు ఇచ్చాడు. రాసిన నాలుగు రోజులు తగ్గి, ఐదో రోజు రెట్టింపు వచ్చింది. పగుళ్లు మెత్తబడాలని నా అంతట నేనే గులాబీ వాసన క్రీము ఒకటి తెచ్చి పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి పూసేవాణ్ణి. వాసన బాగుంటే సరుకు మంచిదనుకునే బుద్ధి నాది.

చేతులు దాచుకుని చేసే పని కాదు మాది. జీడిమెట్ల కంపెనీలో పనిచేసే ఒకాయన పదేళ్లుగా నా కుర్చీలోనే కూర్చునేవాడు. ఒక ఆదివారం నేను బ్రష్ పట్టుకుని దగ్గరికి వెళ్లగానే నా చేతిని చూసి మెడ వెనక్కి లాక్కున్నాడు. తమ్ముడి కుర్చీ ఖాళీ అయ్యాక కూర్చుంటానని లేచి బెంచీ మీదికి వెళ్లాడు. బెంచీ మీద ఎవరో కుష్టు అన్నారు. గొంతు తగ్గించే అన్నారు గానీ రెండు కుర్చీల షాపులో గొంతు ఎంత తగ్గిస్తే మాత్రం వినపడదు? నాకు తల కొట్టేసినట్టయింది. ఆ వెనకే ఒళ్లు మండింది.

ఆ సాయంత్రం షట్టర్ దించుతూ నాయిన నా ముఖం చూడకుండా చెప్పాడు. "నువ్వు ఇగ కత్తి పట్టకు. జీడిమెట్లల ఎరుకున్నోళ్లకు జెప్పి వాచ్‌మన్ పని జూస్త. షాపు పేరు ఖరాబైతాంది."

"నా కుర్చీ ఇడ్వ నాయినా," అన్నాను. 

మరుసటి వారం నుంచి ఆయన అప్పటిదాకా నాతో గీయించుకునే గడ్డాన్ని తమ్ముడితో గీయించుకోవడం మొదలుపెట్టాడు. నేను కత్తి పట్టడం నేర్చుకున్నదే ఆయన ముఖం మీద. బెంచీ మీది వాళ్లు అన్నదానికి కోపం వచ్చింది, దీనికి మాత్రం ఏడుపు వచ్చింది. ఆయనకు నిజంగానే భయమో, షాపు కోసం చేశాడో నేను అడగలేదు. ఏది ఏమైనా ఈ చేతులకు పట్టిందేమిటో కనుక్కోకుండా ఊరుకోకూడదని ఆ రోజే గట్టిగా అనుకున్నాను.

కొత్త కాలనీల్లో కోస్తా వైపు నుంచి వచ్చిన ఉద్యోగస్తులు అప్పుడప్పుడే ఇళ్లు కట్టుకుంటున్నారు. వాళ్లలో ఒక చర్మం డాక్టరమ్మ సాయంత్రాలు మేడ్చల్‌లో క్లినిక్ తెరిచేది. నా భార్యను వెంటబెట్టుకుని వెళ్లాను. డాక్టరమ్మ నా చేతులను తన చేతుల్లోకి తీసుకుని తిప్పి తిప్పి చూసింది. ఆ మధ్యకాలంలో నా చేతులను అంత మామూలుగా పట్టుకున్న బయటి మనిషి ఆమె ఒక్కతే. ఇది కుష్టు కాదు, అంటుకునేది అసలే కాదు, ముట్టుకునే వస్తువేదో పడటం లేదు అంది. సెలవు ఏ రోజని అడిగింది. మంగళవారం అన్నాను. పనిలో వాడేదే పడకపోతే, సెలవు తర్వాత బుధ, గురువారాల్లో కొంచెమైనా నెమ్మదిస్తుంది, నాలుగు వారాలు గమనించి రమ్మంది.

నాలుగు వారాలు పరీక్షకు చదివినట్టు చేతులు చూసుకున్నాను. బుధవారం తగ్గలేదు. గురువారం ఇంకా ఎక్కువే ఉండేది. నిజం చెప్పాలంటే సంతోషించాను కూడా. తప్పు మా పనిది కాదన్నమాట. అదేమాట గర్వంగా వెళ్లి డాక్టరమ్మకు చెప్పాను. ఆమె నమ్మలేదు. మంగళవారం పొద్దున లేచిన దగ్గర్నుంచి ఏం చేస్తారో చెప్పమంది. ఏముంటుంది మేడమ్, షాపు బంద్, ఇంట్లోనే ఉంటాను అన్నాను.

పక్కన కూర్చున్న నా భార్య ఉండబట్టలేక నోరు తెరిచింది. "ఇంట్లనే ఉంటడు మేడం. ఇంట్ల కూసోని ఆరు గడ్డాలు గీకుతడు."

ఇక్కడ మా సంగతి కొంచెం చెప్పాలి. మంగళవారం మా వైపు సెలూన్లన్నీ మూసి ఉంటాయి. పనివాడు తన గడ్డం తను గీసుకోవడం మా ఇళ్లల్లో అలవాటు లేదు, ఇంకో పనివాడి చేయి పడాల్సిందే. అందుకని శామీర్‌పేట నుంచి మా బావ, అత్వెల్లి నుంచి చిన్నాయిన, దూలపల్లి నుంచి ఆయన అల్లుళ్లు తమ తమ సంచులతో మా ఇంటికి వచ్చేవాళ్లు. రేకుల పంచలో ఒకరికొకరం గడ్డాలు గీసుకుని, జుట్టు కత్తిరించుకుని, తలకు నూనె పెట్టి మర్దన చేసుకునేవాళ్లం. వారంలో ఎవరు ఏ కొత్త లోషన్ తెచ్చారో ఆ రోజే బయటపడేది. నాది గొప్పంటే నాది గొప్పని అందరి చెంపలకూ పట్టించి చూసేవాళ్లం. నా చేతులు చూసి కూడా బావ ఏమీ అనకుండా నా ముందే కూర్చునేవాడు, ఆ మంచితనమే నా కొంప ముంచింది. తర్వాత మాంసం కూర, జొన్నరొట్టె, కబుర్లు. అది పని అని నాకెప్పుడూ తోచలేదు. కూర్చున్నవాడు కస్టమర్ అయితేనే పని. చుట్టం గడ్డం గీస్తే పనెట్లా అవుతుంది? షాపులో ఆరు రోజులూ రోజుకు ఒకటో రెండో లోషన్లు, సెలవు రోజు మాత్రం అయిదారు!

డాక్టరమ్మ నవ్వు ఆపుకుని కాగితం తీసుకుంది. మూడు వారాలు కత్తి, క్రీము, లోషన్, పౌడర్, వాసన సబ్బు, వాసన నూనె దేన్నీ ముట్టుకోవద్దంది. గులాబీ క్రీము సంగతి చెప్పగానే దాన్ని ముందు పారేయమంది. మూడో వారం చివరికి నా చేతులు నా చేతుల్లా అయ్యాయి. అప్పుడు ఆమె చెప్పినట్టే పాత లోషన్ ఒక్కటి, ఒకే ఒక్కసారి, బావ చెంపలకు పట్టించి ఊరుకున్నాను. అది మంగళవారం. ఆ రోజంతా ఏమీ లేదు. బుధవారమూ లేదు. గురువారం పొద్దున వేళ్ల సందుల్లో చురచుర మొదలైంది. ముట్టుకున్న రెండో రోజుకో మూడో రోజుకో బయటపడే గుణం దానిది. అందుకే ఇన్నాళ్లూ ఒకరోజు తిన్న వంకాయ మీద, ఇంకోరోజు తిన్న చేప మీద నిందలు పడ్డాయి.

ఆ వెనక ఆమె చీటీతో పట్నంలోని పెద్ద దవాఖానకు వెళ్లాను. వీపు మీద చిన్న చిన్న బిళ్లల్లో ఏవేవో మందులు పెట్టి పట్టీలు అంటించారు. రెండు రోజులు స్నానం వద్దన్నారు. పట్టీలు తీసిన రోజు ఒకసారి, మళ్లీ రెండు రోజులకు ఒకసారి చూశారు. రెండు చోట్ల ఎర్రగా దద్దు లేచింది. రెండూ సెంటు వాసన కోసం కలిపే పదార్థాలేనట. ఫలానా కంపెనీ సీసా అని కాదు, ఏ సీసాలో అవి ఉన్నా నాకు పడవు.

డాక్టరమ్మ కాగితాలు చూసి దాపరికం లేకుండా చెప్పింది. "ఇది మందుతో పూర్తిగా పోయేది కాదండీ. మీరు దూరంగా ఉన్నంతకాలం మీ జోలికి రాదు. తగ్గింది కదా అని ముట్టుకుంటే మళ్లీ వస్తుంది."

మరి నా పని ఎట్లా అని అడిగాను. సెంటు తగలకుండా గడ్డం గీయగలిగితే నిక్షేపంగా చేసుకోమంది. ఆమె మామూలుగానే అంది, నేను మాత్రం పందెం కాసినట్టు తీసుకున్నాను.

నేను తెలుగు మీడియంలో ఏడో తరగతి. నా భార్య ఒక అట్టముక్క మీద ఇంగ్లీషులో రెండు మాటలు పెద్దగా రాసిచ్చింది. ఒకటి పర్ఫ్యూమ్, ఒకటి ఫ్రాగ్రెన్స్. ఆ రెండిటి రూపం పట్టుకుని మేడ్చల్ దుకాణాలన్నీ తిరిగాను. డబ్బా వెనక చీమల్లాంటి అక్షరాల్లో వాటిని వెతికేవాణ్ణి. పోలీసు తనిఖీకి వచ్చినట్టున్నావని కిరాణాసేటు ఎగతాళి చేశాడు. మూలికలతో చేసిందన్న డబ్బాలోనూ ఆ మాట ఉండేది. చందనం, నిమ్మ, మల్లె అని బొమ్మ ఉన్నవైతే తిప్పి చూడకుండానే పక్కన పెట్టేవాణ్ణి. ముక్కు దగ్గర పెట్టుకుంటే ఏ వాసనా లేనివాటి వెనక కూడా కొన్నిసార్లు ఆ మాట కనపడేది, అందుకని ముక్కును నమ్మడం మానేశాను. చివరికి మందుల దుకాణంలో ఆ మాటల్లేని సాదా షేవింగ్ క్రీము ఒకటి దొరికింది. ఏది కొత్తగా తెచ్చినా డాక్టరమ్మ చెప్పినట్టు మోచేతి మడతలో రోజుకు రెండుసార్లు రాసి, వారం గడిచినా ఏమీ కాకపోతేనే పనిలోకి తీసుకునేవాణ్ణి.

ఇంత చేసినా కుడిచేతికి కొంచెం దురద మిగిలింది. రబ్బరు తొడుగులు వేసుకుని చూశాను. మొదటి కస్టమరే నొచ్చుకున్నాడు, తన ముఖం ముట్టుకుంటే నాకేమన్నా అంటుకుంటదా అని అడిగాడు. కొన్ని నెలల కిందట నా చేయి తగిలితే తనకు అంటుకుంటుందని తమ్ముడి కుర్చీకి మారినవాళ్లలో ఆయనా ఒకడు! తొడుగులు తీసేశాను. మళ్లీ ఒక్కొక్కటే వెతుక్కుంటూ పోతే షాపు తువ్వాళ్లు దొరికాయి. నా భార్య వాటిని మల్లె వాసన పౌడర్‌తో ఉతికేది, షాపుకు పేరు రావాలని. తెలిసినప్పుడు ఇన్నాళ్లూ తనే నా చేతులు పాడుచేసిందని ఏడ్చింది. నీకేం తెలుసు, నాకేం తెలుసు అని సముదాయించాను. సాదా సబ్బుబిళ్లకు మారాక నెలరోజుల్లో ఆ మిగిలింది కూడా పోయింది.

షాపులో నా కుర్చీ దగ్గర పద్ధతి మార్చేశాను. గడ్డం తీశాక చల్లటి నీళ్లు, పటిక, అంతే. సెంటు కావాలన్నవాడికి సీసా చూపించేవాణ్ణి, పోసుకోవాల్సింది ఆయనే. నాయినకు ఇది మింగుడుపడలేదు. సెంటు కొట్టకుండా పంపితే అది షేవింగా, గొర్రెకు బొచ్చు తీసుడా అన్నాడు. అయినా నేను సీసా ముట్టుకోలేదు. అసలు గొడవ అది కాదు. నా చేతులు నున్నగా అయ్యాయి, కుర్చీ మాత్రం ఖాళీగానే ఉంది. పేరు ఒకసారి పడ్డాక చర్మం కంటే నెమ్మదిగా మానుతుంది. తమ్ముడి కుర్చీకి ఐదుగురు వెయిటింగ్‌లో ఉంటే, నేను నా కుర్చీని తుడిచిందే తుడిచేవాణ్ణి. దాదాపు రెండు నెలలు అట్లా నడిచింది. వాచ్‌మన్ పని ఇంకా ఖాళీగానే ఉందని నాయిన ఒకటి రెండుసార్లు ఇంట్లో అన్నాడు. నేను మాత్రం రోజూ తమ్ముడి కంటే ముందు వెళ్లి షట్టర్ తీసేవాణ్ణి.

ఒక ఆదివారం పొద్దున బెంచీ నిండిపోయింది, ఇద్దరు గుమ్మం దగ్గర నిలబడ్డారు కూడా. జీడిమెట్ల కంపెనీ ఆయన కూడా వాళ్లలో ఉన్నాడు. నేను రండి అన్నాను. ఎవరూ లేవలేదు. ఒకాయన పేపరు తిరగేశాడు, ఇంకొకాయన రోడ్డు మీది లారీని చూడసాగాడు. నాయిన స్టూలు మీద నుంచి అంతా చూస్తున్నాడు. ఆయన లేచాడు. బయటికి వెళ్తున్నాడేమో అనుకున్నాను. నేరుగా వచ్చి నా కుర్చీలో కూర్చుని, పైగుండీ తీసి, తల వెనక్కి వాల్చాడు.

"గియ్యి," అన్నాడు.

క్రీము నురగ తీస్తుంటే నా చేతులు కనబడేలా అద్దం ముందు పెట్టుకున్నాను. దాచుకోవడానికి ఇక ఏమీ లేదు. ఆయన గొంతు మీద కత్తి పెట్టాను. ఆరేడు నెలల తర్వాత ఆ ముఖం. బెంచీ మీది వాళ్లంతా ఇటే చూస్తున్నారు. దవడ కింద ఒకచోట కత్తి జారి చిన్న గాటు పడింది, ఎర్రగా రక్తపు బొట్టు లేచింది. పదహారేళ్ల వయసు తర్వాత ఎవరికీ గాటు పెట్టలేదు నేను, పెట్టి పెట్టి ఆ రోజే, అందరి ముందూ ఆయనకే పెట్టాను. కళ్లల్లో నీళ్లు తిరిగి ముందు ఏమీ కనపడలేదు.

నాయిన అద్దంలో గాటు చూసుకున్నాడు. మిగిలింది గీసేదాకా కదలకుండా కూర్చున్నాడు. తనే చేయి చాచి పటిక తీసుకుని, దాని మీద అద్దుకుని, తుండు దులిపి లేచాడు. తమ్ముడు అలవాటు కొద్దీ సెంటు సీసా అందించబోతే వద్దన్నట్టు చేయి ఊపాడు. బెంచీ వైపు తిరిగి, కంపెనీ ఆయన్ని చూసి, కుర్చీ మీద చేయి వేశాడు.

"రా, కూసో. మా పెద్దోని చెయ్యి మంచిగైంది."