నల్లమేక తేన్పు

నా కథల్లో దోమ కూడా డేగంత ఉంటుంది, ముందే చెబుతున్నాను.

మొన్న పాశమైలారంలో ఒక ఫ్యాక్టరీ గొట్టం బుస్సుమని ఆవిరి వదలగానే మా నల్లమేక గుర్తొచ్చింది.

నా చిన్నప్పుడు అది వానకు తడిసిన బొబ్బరచేను మేసి, కడుపుబ్బి నీళ్ల ట్యాంకరంత అయింది. గాల్లోకి లేచిపోతుందని నేను తోక పట్టుకున్నాను.

"తోక ఇడువు బిడ్డా! గాలి బయటికి రాకుంటే సస్తది. జల్దీ ముంగటి కాళ్లు లేపు!" అంది నాయనమ్మ.

ఏమాత్రం జంకకుండా దాని నోటికి అడ్డంగా వేపపుల్ల కట్టి, ఎడమ డొక్క నిమిరింది. మేక పుల్లను నమిలి నమిలి ఒక్క తేన్పు తేన్చింది. హైవే మీద లారీలు ఆగిపోయాయి! పుల్లతో ప్రాణం పోయవచ్చా అని నోరు తెరిచి నిలబడిపోయాను.

"నోరు మూయ్, నీకు గూడ కట్టాల్నా పుల్ల?" అంది.

లారీలు ఆగాయనే ఇప్పటికీ అంటాను. నాయనమ్మ జంకలేదన్నదే నేను కల్పించింది. పుల్ల కడుతున్నంతసేపూ ఆమె చేతులు వణికాయి.