జిరాక్స్ మిషన్‌కు అవ్వ చేసిన పూజ

తొంభైల మొదట్లో బోధన్‌లో ఒక చెరకు రైతుల సంఘం ఆఫీసులో జిరాక్స్ మిషన్ నడిపేవాణ్ని. నౌకరి తాత్కాలికం. చేరిన రోజే సూపరింటెండెంట్ సారు మొహమాటం లేకుండా చెప్పేశాడు. "మిషన్ నడిచినన్ని దినాలే నువ్వు. అది ఆగితే నిన్ను ఊకెనే కూసోబెట్టుకోం." నవ్వుతూనే అన్నాడు. ఆయన నవ్వుతూ అన్న మాటలే ఎక్కువగా నిజమయ్యేవి. రెంజల్ దగ్గరి మా ఊళ్లో బాపు మాత్రం, కొడుకు కలెక్టరైనంత సంబరంగా అందరికీ చెప్పుకున్నాడు.

ఆ మిషన్ నిజామాబాద్‌లో ఏదో పెద్ద ఆఫీసులో పనిచేసి, అరిగిపోయి, మా నెత్తికి చుట్టుకుంది. మధ్యాహ్నం పొలాల్లో మోటార్లన్నీ ఒక్కసారి నడిస్తే వోల్టేజీ పడిపోయేది. లోపలి రోలరు వేడెక్కక, కాపీ మీద అక్షరాలు చెయ్యి తగిలితే రాలిపోయేవి. స్టెబిలైజర్ టకటకా కొట్టుకుంటుంటే నా గుండె కూడా అట్లాగే కొట్టుకునేది. ఐటీఐలో నేర్చుకున్న కరెంటు పనంతా దాని మీదే పెట్టాను. ప్రేమతో కాదు, భయంతో.

ఆఫీసు ఊడ్చే ముసలామెను అందరం అవ్వా అనేవాళ్లం. ఒంటరిగా గదిలో ఉండేవాణ్నని ఇంటి నుంచి నాకూ ఒక జొన్నరొట్టె తెచ్చేది. నేను తినేదాకా చీపురు పట్టేది కాదు.

ఒక ఏడు దసరాకు ఊరికి పోయి, పండుగ తెల్లారి తిరిగొచ్చాను. చెరకు నరికే రోజులు దగ్గరపడ్డాయి, రైతుల పర్మిట్లకు కుప్పలుగా కాపీలు తీయాలి. స్విచ్ వేసి బటన్ నొక్కాను. తెల్ల కాగితం లోపలికి పోయి తెల్లగానే బయటికొచ్చింది. మళ్లీ నొక్కాను. లోపల చిటచిటమంది, మాడిన వాసన వచ్చింది, ఫ్యూజు కొట్టేసింది.

ఫ్యూజు మార్చాను, మళ్లీ పోయింది. స్టెబిలైజర్ ముల్లు సరిగ్గానే ఉంది. డ్రమ్ముకు చార్జి ఇచ్చే సన్నటి వైరును స్పిరిట్ దూదితో తుడిచి మీటరు పెట్టి చూశాను, అదీ తెగలేదు. ఇక మిగిలింది వెనక ఉండే హై వోల్టేజీ బోర్డే. దానికేమీ కాకూడదని దేవుళ్లందరికీ మొక్కుతూ వెనక మూత విప్పాను.

బోర్డు నిండా పసుపు చారలు. నడుమ నల్లగా మాడిన మచ్చ. ఒక మూలకు రెండు అక్షింతలు అతుక్కుని ఉన్నాయి. ఆయుధపూజకు మేమంతా మిషన్ పైన పొడి బొట్టు పెట్టి పోయాం, అంతే.

అవ్వ నా వెనకే నిలబడి ఉంది. "నేనే సల్లిన బిడ్డా," అంది సంతోషంగా. "పండుగ నాడు పొద్దుగాల తానం జేసి వచ్చిన. మీది మీద బొట్టు వెడితే ఏమైతది? పసుపు నీళ్లు గలిపి గా జాలీలకెల్లి లోపటిదాంక సల్లిన. నీ నౌకరి పర్మనెంట్ గావాలెనని మొక్కిన."

ఏమనాలి? గట్టిగా అరవాలనిపించింది. ఆ మొహం చూశాక మూత పక్కన పెట్టి దూది అందుకున్నాను. ఆమెను పనికి పంపించి, స్పిరిట్‌తో పసుపంతా తుడిచేశాను. తుడుస్తూ ఏడ్చాను.

నిజామాబాద్ నుంచి మెకానిక్ వచ్చి చూశాడు. "ఈ బోర్డు ఇప్పుడు యాడ దొరకదన్నా," అని సంచి సర్దుకున్నాడు. ఎట్లా కాలిందని సారు నన్నడిగాడు.

"ఎలుక సార్. ఉచ్చ పోసింది."

"ఎలుకలు రాకుంట సూసుకునుడు ఎవని పని?"

నిజం చెబితే అవ్వ చీపురు కూడా ఆరోజే పోయేది. నా నౌకరి ఎట్లాగూ దక్కేది కాదు. "ఇగ కాపీలు బస్టాండు కాడ తీపిద్దాం," అన్నాడాయన పక్కనున్న క్లర్కుతో. నా సంగతి విడిగా చెప్పాల్సిన పని లేకపోయింది.

టిఫిన్ డబ్బా తీసుకుని మెట్లు దిగుతుంటే బాపు మొహమే కళ్లలో తిరిగింది. ఊరికి పోయి ఏమని చెప్పాలో తోచలేదు. అవ్వ కింద మెట్టు మీద కూర్చుని ఉంది. ఎలుక సంగతీ, నా నౌకరి పోయిన సంగతీ క్లర్కు చెప్పేశాడట. నన్ను చూడగానే రొమ్ము బాదుకుంటూ ఎలుకను తిట్టడం మొదలుపెట్టింది. దాని చేతులు పడిపోవాలంది. దాని కండ్లు పోవాలంది. నా బిడ్డ నోటికాడి కూడు గుంజుకున్నది కుక్కచావు చావాలంది.

"తిట్టకవ్వా," అన్నాను.

"ఎందుకు తిట్టద్దు బిడ్డా?" అని, కొంగుతో కళ్లు తుడుచుకుని, మళ్లీ మొదటి నుంచి అందుకుంది.