పాస్టర్‌గారి నోట్లో జీడి

అమెరికాలో, ఇర్వింగ్‌లోని మా తెలుగు చర్చిలో ఒక ఆదివారం ప్రసంగం జరగలేదు. కరెంటు పోయిందా, మంచు కురిసిందా అంటే అదేమీ లేదు. నేను జీళ్ళు చేశాను, అంతే. నవ్వనని మాత్రం మాటివ్వకండి, నిలబెట్టుకోలేరు.

అప్పటికి నాకు పెళ్ళయి ఏడాది. ఆఫీసులో కోడ్ రాస్తుంటే ఉన్నట్టుండి చిన్నప్పుడు బడి ముందు కొనుక్కున్న జీళ్ళు గుర్తొచ్చాయి. బెల్లంపాకాన్ని సాగదీసి, ముక్కలు చేసి, నువ్వులద్ది అమ్మేవాళ్ళు. ఒకటి బుగ్గన పెట్టుకుంటే లెక్కల క్లాసు మొత్తం గడిచిపోయేది. ఇక ఆ రోజు నుంచి నాకు కాలు నిలవలేదు. ఊళ్ళోని ఇండియన్ షాపులన్నీ తిరిగాను. "జీళ్ళున్నాయా?" అంటే జీడిపప్పు ప్యాకెట్ చేతిలో పెట్టారు. ఇండియాకి ఫోన్ చేస్తే మా అన్నయ్య, "అవెక్కడివిరా ఇప్పుడు! ఆ బడ్డీకొట్టు తీసేసి సెల్‌ఫోన్ల షాపు పెట్టారు" అన్నాడు.

కుర్చీలో కూర్చోలేను, పడుకుంటే నిద్ర రాదు. చివరికి మా ఆవిడ సునీత, "అలా కాలుగాలిన పిల్లిలా తిరక్కండి, నాకు కళ్ళు తిరుగుతున్నాయి. మీరే చేసుకుని తినండి బాబూ!" అంది.

శనివారం పొద్దున్నే బెల్లం కాచాను. పాకం ఎప్పుడు దించాలో తెలియదు, ఆగి చూసే ఓపికా లేదు. మంట పెంచేశాను. ఆ ముద్దని తలుపుకున్న కోటు కొక్కేనికి తగిలించి లాగితే పాకం కాస్త సాగింది, కొక్కెం పూర్తిగా ఊడొచ్చింది.

"ఇది జీడా, కారు టైరా?" అంది సునీత.

"చల్లారితే మెత్తబడుతుందిలే."

చల్లారి మెత్తబడిన బెల్లంపాకం ఎక్కడైనా ఉంటే నాకు కబురు చేయండి.

"భోజనాలయ్యాక పంచండి" అని ఆదివారం జీళ్ళ డబ్బాతో చర్చికి బయల్దేరుతుంటే సునీత మరీ మరీ చెప్పింది. నేను ఆగగలనా? చర్చి గుమ్మంలోనే పాస్టర్‌గారికి ఎదురెళ్ళాను. భీమవరం వైపు మనిషి, అరవై దాటాయి.

"వందనాలండి. జీళ్ళు తెచ్చానండి!"

ఆయన కళ్ళు మెరిశాయి. "జీళ్ళే! మా ఊళ్ళో తిన్నదే ఆఖరు బ్రదర్."

"ఒకటి వేసుకోండి."

"ఇప్పుడు వాక్యం చెప్పాలయ్యా."

"ఇంకా రెండు పాటలున్నాయి కదండీ, ఈలోపు కరిగిపోతుంది."

అన్నాను చూడండి, కరిగిపోతుందని! రెండు పాటలూ అయిపోయాయి. పాస్టర్‌గారు వేదికెక్కి జనం వైపు తిరిగారు.

"మ్మ్..." అన్నారు.

పళ్ళు రెండు వరుసలూ జీడికి అతుక్కుపోయాయి.

"మ్మ్మ్!"

మా సంఘపెద్ద జాన్ అంకుల్ లేచి, "అయ్యగారు ప్రార్థన చేద్దామంటున్నారు" అని ప్రకటించారు. అందరూ కళ్ళు మూసుకున్నారు. మంచినీళ్ళ కోసం పాస్టర్‌గారు బల్ల గుద్దారు. "ఆమేన్!" అన్నారు జనం. ఆయన ఇంకా గట్టిగా గుద్దారు. వాళ్ళు ఇంకా గట్టిగా "ఆమేన్!" అన్నారు.

"మమ్మీ, పాస్టర్ అంకుల్ వై సో యాంగ్రీ?" అంది వెనక వరుసలోంచి ఒక చిన్నపాప.

నేను వంటగదికి పరుగెత్తి వేడి టీ తెచ్చాను. ఆయన రెండు గుక్కలు తాగి, దవడ అటూ ఇటూ ఆడించి, ఎలాగో జీడి బయటికి లాగారు. దానికి అతుక్కుని ముందుపన్ను క్యాప్ కూడా వచ్చేసింది! పాపం, ఆయన వెనక్కి తగ్గలేదు. "ఫ్రియ ఫహోదరులారా" అని మొదలుపెట్టారు. ఆ మాట ఈలై బయటికొచ్చింది. ముందు వరుసలో పిల్లలు పగలబడి నవ్వారు. ఆయన బైబిల్ మూసేసి కూర్చున్నారు.

సోమవారం ఆఫీసుకి సెలవు పెట్టి నేనే ఆయన్ని డెంటిస్ట్ దగ్గరికి తీసుకెళ్ళాను. క్యాప్ మళ్ళీ అతికించారు. తిరిగొచ్చేటప్పుడు హైవే మీద ఆయన అద్దంలో పన్ను చూసుకుంటూ కూర్చున్నారు. నాకు సీట్లో ముళ్ళున్నట్టుంది. ఉండబట్టలేక, "నన్ను నాలుగు తిట్టేయండి అయ్యగారూ, మనసు కుదుటపడుతుంది" అన్నాను.

"బ్రదర్."

"చెప్పండి."

"ఆ జీళ్ళ డబ్బా ఏదీ?"

"డిక్కీలో ఉందండి. పారేద్దామని..."

"పారేయకు. కారు ఎక్కడైనా ఆపు. వెనక పళ్ళన్నీ నా సొంతవే."

పెట్రోలు బంకు పక్కన కారాపి ఇద్దరం చెరొకటి బుగ్గన పెట్టుకున్నాం. అక్కడే, ఆకాశం వైపు చూసి, ఇక ఈ జన్మలో జీళ్ళ జోలికి వెళ్ళనని పైకి గట్టిగా ప్రమాణం చేయబోయాను. నోరు తెరుచుకోలేదు.