నంబరు వెనక పేరు

హిందూపురం నూలు మిల్లులో నేను చేరేనాటికే మెయిల్ సర్వర్ చూసుకునే పని ఆయన ఒక్కడిదే. అందరూ సర్వరన్న అనేవాళ్లం. చల్లటి ఏసీ గదిలో స్వెట్టర్ వేసుకుని కూర్చునేవాడు. మెయిల్ పోనప్పుడు తప్ప ఆ గదిలోకి ఎవరూ తొంగిచూసేవాళ్లు కాదు.

ఒకసారి మిల్లుకు కొత్త ఇంటర్నెట్ లైను వేయించారు. దాంతో నెట్‌లో మా సర్వర్‌ను గుర్తుపట్టే నంబరూ మారింది. మర్నాటి నుంచి బయటికి పంపిన మెయిళ్లన్నీ తిరిగొచ్చాయి. ఆర్డర్లు పోతాయని మేనేజరు కేకలు. సర్వరన్న నాతో నెమ్మదిగా అన్నాడు.

"మన పేరు కొడితే నంబరు వస్తాండాది. నంబరు కొడితే పేరు రాలేదప్పా. ఎవురో తెలీకుండా అవతలోళ్లు మెయిల్ యాడ తీసుకుంటారు? ఆ పేరు మనం రాసేది కాదు, లైను ఇచ్చినోళ్లే రాయల్ల."

రోజూ లైను వాళ్లకు ఫోన్ చేసి బతిమాలేవాడు. ఫోన్ పెట్టేసి, నంబరు కొట్టి, తెర మీదికి వంగి చూసేవాడు. "పేరు రాలేదు" అనుకుంటూ మళ్లీ కొట్టేవాడు. చివరికి ఒక మధ్యాహ్నం మిల్లు పేరు వచ్చింది. మెయిళ్లు కదిలాయి. ఆ గదికి ఇక ఎవరూ వెళ్లలేదు. ఆయన మాత్రం రోజూ పొద్దున్నే నంబరు కొట్టి పేరు చూసుకునేవాడు.

రిటైరయ్యాక పెనుకొండలో ఒక్కడే ఉంటున్నాడని విన్నాను. నేనూ మిల్లు మానేశాను. ఫోను మార్చినప్పుడు పాత నంబర్లు పోయాయి. ఒకరోజు ధర్మవరం స్టేషన్లో రైలు కోసం నిలబడి ఉంటే ఫోన్ మోగింది. తెర మీద ఉత్త నంబరే.

"ఎవరండీ?"

"నేనప్పా, సర్వరన్నను. పేరు రాలేదా?"

"లేదన్నా, ఫోను మార్చినా. ఏమన్నా పనా?"

"పనేం లేదప్పా. వస్తాదో రాదో చూద్దామని చేసినా."