బొమ్మరైళ్ల ప్రదర్శనలో క్యాంటీను కాంట్రాక్టరు

బొమ్మరైళ్లు చేసి మూడు పతకాలు తెచ్చుకున్నవాణ్ని, ఎన్నో ప్రదర్శనలు చూసినవాణ్ని. ఈ క్యాంటీను కాంట్రాక్టరులాంటి మనిషిని మాత్రం ఎక్కడా చూడలేదు. నిన్నటి కట్లెట్లను నల్లబడ్డ నూనెలో మళ్లీ ముంచి తీస్తాడు, చొక్కా అంచుతో పళ్లెం తుడుస్తాడు, బయటి ధరకు నాలుగింతలు చెబుతాడు. హాల్లో ఇంకో కొట్టు లేదు. బయటికి వెళ్తే మళ్లీ టికెట్టు కొనాలి. “తింటే తినండి సార్, బలవంతమేం లేదు,” అంటాడు, చెవిలో వేలు తిప్పుకుంటూ. మధ్యాహ్నం అతని చిన్నకూతురు ఆకలేసి వచ్చి, పళ్లెంలోంచి ఒక కట్లెట్టు తీసి కొరికింది. అతను గరిటె వదిలేసి పరుగెత్తి, ఆ పిల్ల నోటికింద అరచెయ్యి పట్టాడు. “ఉమ్మెయ్యమ్మా, ఉమ్మెయ్యి! నీకు ఇంటినుంచి డబ్బా తెచ్చాను కదే!” వరుసలో నిలబడ్డ మేమందరం విన్నాం. ఒక్కరూ కదల్లేదు. అతను అదే చేత్తో ఇంకో కట్లెట్టు తీసి, “తర్వాత ఎవరండీ?” అన్నాడు. పొద్దుటినుంచి ఖాళీ కడుపుతో ఉన్న నేను చెయ్యి చాచాను.