వాగు ఒడ్డున వరుస చెప్పిన రోజు

మా మనుమరాలు దీవెన బాప్తిస్మం తీసుకుంటానని అడిగిన రోజు నేను మా వీధిలో ఇంటింటికీ వెళ్లి మిఠాయి పంచాను. మా సంఘంలో పసిబిడ్డలకు బాప్తిస్మం ఇవ్వరు. పెరిగి పెద్దయ్యాక ఎవరికి వాళ్లే నోరు తెరిచి అడగాలి. అడగమంటే ముఖం చాటేసే పిల్లలను ఎంతమందిని చూడలేదు! డిగ్రీ మొదటి సంవత్సరంలో ఉన్న మా పిల్ల తనంతట తానే అడిగింది. పైగా, ఖమ్మంలో మా చర్చికి టైల్స్ వేసిన చక్కని తొట్టి ఉండగా, "తాతమ్మ తిరిగిన ఊళ్లెనే తీసుకుంట తాతా, వాగుల" అంది.

తాతమ్మ అంటే మా అమ్మ, సువార్తమ్మ. మా నాన్న కొత్తగూడెం బొగ్గుబావిలో పనిచేసేవాడు. అమ్మ తెల్లచీర కట్టుకుని, గుడ్డసంచి భుజాన వేసుకుని, ములకలపల్లి దాటి అడవి అంచున ఉన్న గూడేలకు నడిచి వెళ్లి వాక్యం చెప్పేది. నేనూ బావిలోనే చేరి, అక్కడే రిటైరై, ఖమ్మంలో స్థిరపడి, చర్చిలో ఆదివారపు బడి నడిపాను. దీవెనకు నాలుగేళ్ల వయసులోనే కంఠత వాక్యాలు నేర్పింది నేనే. క్రిస్మస్ పోటీల్లో అది గెలిచిన స్టీలు గ్లాసులు ఇప్పటికీ మా అల్మారాలో ఉన్నాయి. వచ్చిన చుట్టాలందరికీ వాటిని చూపించే అలవాటు నాకుంది.

మేం వెళ్లే గూడెంలో ఒక పద్ధతి ఉంది. అక్కడివాళ్లకు పెళ్లికీ చావుకూ తమ వంశం పేర్లన్నీ వరసగా చెప్పుకోవడం పెద్దల నాటి అలవాటు. విశ్వాసంలోకి వచ్చాక కూడా దాన్ని వదులుకోలేదు. బాప్తిస్మానికి నీళ్లలో దిగేముందు సంఘంలో అందరికంటే పెద్ద వయసు మనిషి అడుగుతుంది: నీకెవరు చెప్పారు? ఏం చెప్పారు? ఒక్కరి పేరే చెప్పాలి. ఆ మనిషికి ఎవరు చెప్పారో, ఆ పై మనిషికి ఎవరు చెప్పారో తెలిసినంతవరకూ చెప్పుకుంటూ పోవాలి. దాన్ని వరుస చెప్పడం అంటారు. అందులో వచ్చిన పేరు ఇంకెవరి వరుసలోనైనా ఉంటే, వాళ్లు లేచి నిలబడి "మాకు గూడ" అంటారు. ఆ వాగు ఒడ్డున, పదిమంది ముందు, మా అమ్మ పేరు పక్కన నా పేరు వినబడాలి. నా కోరిక అదొక్కటే, దాచుకునేదేమీ లేదు.

డిసెంబరు మొదటి శనివారం. పొద్దున ఆరున్నరకు ఖమ్మం బస్టాండులో కొత్తగూడెం బస్సెక్కాం. నేను, దీవెన, దాని తల్లి సుజాత. నా కొడుకు బొగ్గు లారీ డ్రైవరు. లోడు దింపేసి ఆదివారం పొద్దున మోటారు సైకిల్ మీద నేరుగా వస్తానన్నాడు. ఆడవాళ్లిద్దరూ ఆధార్ కార్డులు చూపించి జీరో టికెట్లు తీసుకున్నారు. "ముసలోళ్లకు ఫ్రీ ఎప్పుడిస్తరమ్మా?" అని కండక్టరమ్మను అడిగాను. "చీర కట్టుకొని రా పెద్దాయనా, గిప్పుడే ఇస్త" అంది. బస్సంతా ఒకటే నవ్వు.

సుజాత మాత్రం ఒళ్లో గుడ్డమూట పెట్టుకుని కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. ఆమెది కుసుమంచి. పుట్టింటివాళ్లు తరతరాలుగా అక్కడి శివాలయానికి వెళ్లేవాళ్లు. మావాడు ఇష్టపడి చేసుకున్నాడు. ఇప్పుడు చర్చికి వస్తుంది కానీ పాటలో గొంతు కలపదు, మాట తక్కువ, కూర్చునేది చివరి వరుసలో. "ఆ మూట పైన పెట్టరాదూ?" అన్నాను. "ఉండనియ్యండి మామయ్యా, పిడికెటి బియ్యం" అంది. మా ఇళ్లలో ఆడవాళ్లు అన్నం వండేముందు ఒక పిడికెడు బియ్యం తీసి వేరే డబ్బాలో వేస్తారు, నిండాక చర్చికి ఇస్తారు. లేనివాళ్లకు పంచుతారు. ఖమ్మంలో ఈ అలవాటు చాలా ఇళ్లలో పోయింది. ఇప్పుడు కానుకలన్నీ ఫోన్లలోనే.

జూలూరుపాడులో నా పక్కన ఒక పత్తి రైతు కూర్చున్నాడు. ఎక్కడికి పోతున్నారని అడిగాడు. ఇక నన్నెవరు ఆపగలరు? "మా మనుమరాలికి బాప్తిస్మం. నేను నేర్పిన పిల్ల" అని మొదలుపెట్టి స్టీలు గ్లాసులదాకా చెప్పాను. ఆయన ఓపిగ్గా విన్నాడు. "నేను మావోనికి యవుసం నేర్పిన పెద్దాయనా. వాడు ఫోన్ల దుకాణం పెట్టిండు" అన్నాడు. "ఆవు చేలో మేస్తే దూడ గట్టున మేస్తుందా? మా పిల్ల గట్ల గాదు" అన్నాను. దీవెన సిగ్గుపడి ముఖానికి చున్నీ అడ్డం పెట్టుకుంది.

ఎనిమిదిన్నర దాటాక కొత్తగూడెంలో దిగి పూరీలు తిన్నాం. పాల్వంచ మీదుగా ములకలపల్లి బస్సు దొరికింది. ఆ దారిలో దీవెనకు రిహార్సల్ చేయించాను. "నాకు మా తాత చెప్పిండు. మా తాతకు వాళ్లమ్మ సువార్తమ్మ చెప్పింది. అంతే బిడ్డా, రెండు ముక్కలు." అది "సరే తాతా" అంది. ఆ 'సరే' కొంచెం పొడిగా ఉందని నాకు అనిపించకపోలేదు. చలికి గొంతు పట్టేసిందేమో అనుకున్నాను.

ములకలపల్లి నుంచి గూడేనికి ఆటో మాట్లాడుకున్నాం. సగం దూరం తారురోడ్డు, తర్వాత మట్టిబాట. ఇటు పత్తి ఏరే కూలీలు, అటు టేకుచెట్లు. మధ్యాహ్నానికి చేరాం. మా బస రూతమ్మక్క ఇంట్లో. ఆమే అక్కడి సంఘంలో పెద్ద, నాకంటే పదేళ్లు పెద్ద. కోడళ్లతో కోయ భాషలో, మాతో తెలుగులో మాట్లాడుతుంది. నాటుకోడి కూర, కొత్తబియ్యం అన్నం, సాయంత్రం ఉడకబెట్టిన కందికాయలు పెట్టింది. సువార్తమ్మ కొడుకు వచ్చాడని తెలిసి చాలామంది చూడడానికి వచ్చారు. అరుగు మీద కూర్చుని అందరికీ వందనాలు చెబుతుంటే పెళ్లికొడుకునైనట్టే ఉంది నాకు.

"మా అమ్మ మొదటిరోజు మీకే వాక్యం చెప్పిందక్కా?" అని అడిగాను. రూతమ్మక్క నవ్వింది. "ఏ వాక్యం తమ్మీ? వచ్చినదినం ఏం చెప్పలే. మా తాన నాట్లకు మనుషులు తక్కువున్నరు. చీర ఎగ్గట్టి మడిల దిగి మాతోటి నాటేసింది. నాట్లన్నీ అయినంక, గప్పుడు చెప్పింది." అమ్మ ఈ సంగతి మాకు ఎప్పుడూ చెప్పలేదు.

ఆదివారం ఎనిమిదింటికల్లా మావాడు వచ్చేశాడు. అందరం వాగుకు నడిచాం. నడుములోతు నీళ్లు, సన్నగా పొగలాంటి మంచు. పాస్టరుగారు ముందే దిగి నిలబడ్డారు. కుర్రవాడే, చలికి పళ్లు కొట్టుకుంటున్నా నవ్వుతున్నాడు. రూతమ్మక్క ఒడ్డున రాయి మీద కూర్చుని, తెల్లబట్టల్లో ఉన్న దీవెనను దగ్గరికి పిలిచింది. నేను చొక్కా సర్దుకుని ఒక అడుగు ముందుకు జరిగాను.

"నీకెవరు చెప్పిండ్రు బిడ్డా?"

"మా అమ్మ."

"గట్ల గాదు బిడ్డా, నేను..." అనేశాను, అందరి ముందే. రూతమ్మక్క చేతికర్ర నావైపు ఎత్తింది. "నువ్వాగు తమ్మీ. నేనడిగింది పిల్లను." ఎవరో ముసిముసిగా నవ్వారు. సుజాత తల వంచుకుంది.

"ఏం చెప్పింది మీ అమ్మ?"

"మేం సత్తుపల్లిల కిరాయి ఇంట్ల ఉన్నప్పుడు నాయిన లారీ బోల్తా పడి కాలు విరిగింది" అంది దీవెన. "ఇంట్ల బియ్యం అడుగంటినయి. తాతకు చెప్పొద్దన్నరు. అయినా అమ్మ వండేముందు పిడికెడు తీసి డబ్బాల వేసేది. నేను కొట్లాడిన, మనకే లేవు కద అని. మనకన్న లేనోళ్లు ఉండరా బిడ్డా, అన్నది. నాకు వాక్యాలు చానా వచ్చు అప్పటికే. తాత నేర్పిండు. కని నమ్మింది మాత్రం గా దినమే."

మావాడు తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. ఆ కష్టం సంగతి నాకు తెలియదు. దెబ్బ చిన్నదేనని ఫోన్లో చెప్పారు, నేను నమ్మాను.

"మీ అమ్మకెవరు చెప్పిండ్రు?"

"మా తాత."

తలెత్తి చూశాను. సుజాతను కూర్చోబెట్టి నేను ఒక్క వాక్యమైనా నేర్పలేదు. పెద్దపిల్ల, ఏం నేర్చుకుంటుందిలే అనుకున్నాను.

"ఏం చెప్పిండు?"

"పెండ్లయి వచ్చినప్పుడు అమ్మ పుట్టింటి దేవుని పటం తెచ్చుకొని, భయపడి పెట్టెల దాచిందట. తాత చూసి, దాచుడెందుకమ్మా, మీ అమ్మ ఇచ్చింది, మంచిగ పెట్టుకో అన్నడట. చర్చికి నీకు ఇష్టమైననాడు రా, రాకున్నా ఈ ఇంటి బిడ్డవే అన్నడట. నాలుగేండ్లకు అమ్మ తనంతట తనే వచ్చింది."

ఆ మాట అన్నట్టు నాకు ఏ కోశానా జ్ఞాపకం లేదు.

"మీ తాతకు?"

"వాళ్లమ్మ. సువార్తమ్మ."

రూతమ్మక్క కర్ర ఊని, మోకాళ్లు సహకరించకపోయినా, కోడలి చేయి పట్టుకుని లేచింది. "మాకు గూడ" అంది. ఆమె వెనక ఇద్దరు ముసలివాళ్లు లేచారు, వాళ్ల కోడళ్లు లేచారు, చంకన పిల్లలతో తల్లులు లేచారు. "మాకు గూడ, మాకు గూడ." నీళ్లలో నిలబడ్డ పాస్టరుగారు సైతం చేయెత్తి "మాకు గూడ" అన్నారు. ఒడ్డున కూర్చున్నవాళ్లు ఒక్కరూ మిగల్లేదు. ఆ క్షణంలో నాకు కలిగిన గర్వం ముందు స్టీలు గ్లాసుల గర్వం ఎందుకూ కొరగాదు. ఏడ్చాను, చెప్పుకోవడానికి సిగ్గేమీ లేదు.

దీవెన నీళ్లలో మునిగి లేచింది. ఒడ్డుకు రాగానే సుజాత దాన్ని దుప్పటితో చుట్టేసింది. తర్వాత ఆరాధన, అందరికీ భోజనం. సుజాత తెచ్చిన బియ్యం కూడా ఆ వంట గంజులోనే ఉడికాయి.

రెండింటికి ఆటో ఎక్కాం. మావాడు మోటారు సైకిల్ మీద ముందు వెళ్లిపోయాడు. ఈ దారిన వెళ్లదలచినవాళ్లు వానలు తగ్గాక, చలికాలంలో వెళ్లండి. తిరుగు బస్సుల కోసం మధ్యాహ్నమే బయలుదేరండి. ఆ అడవిలో మా అమ్మ వేసిన బాట కోసం నేను వెళ్లాను. అది నా ఇంటి వంటగది మీదుగా కూడా పోతుందని చూసి వచ్చాను.

కొత్తగూడెంలో ఖమ్మం బస్సు ఎక్కాక, రూతమ్మక్క ఇచ్చిన కందికాయల సంచి సుజాత చేతిలోంచి తీసుకుని నా ఒళ్లో పెట్టుకున్నాను.

"గంత మాట నేనన్ననా అమ్మా?"

"అన్నరు మామయ్యా."

"నాకు యాదికి లేదు."

"నాకున్నది" అంది.

దీవెన తల్లి భుజం మీద తల పెట్టి నిద్రపోయింది. తల్లాడ దగ్గర ఒక పెద్దావిడ ఎక్కి మా ఎదుటి సీట్లో కూర్చుంది. నిద్రపోతున్న పిల్లను చూసి, "ఏడికి పోయొస్తున్రు?" అని అడిగింది.

సుజాతకు కూడా వినబడేలా కొంచెం గట్టిగానే చెప్పాను. "మా కోడలి బిడ్డకు బాప్తిస్మం అక్కా. తల్లి నేర్పిన పిల్ల."